ఓటుకు ముందు వాడ చేసుకోవాల్సిన పని

2025 డిసెంబర్ 11, 14, 17 తేదీలలో మూడు విడతలుగా తెలంగాణ గ్రామ పంచాయతీలకు సాధారణ ఎన్నికలు జరిగాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెలు కూడా అప్పుడే ఓటు వేశాయి. పొద్దున 7 గంటలకు మొదలైన పోలింగ్ మధ్యాహ్నం 1 గంటకు ముగిసింది. 2 గంటల నుంచి లెక్కింపు. రాత్రయ్యేసరికి చాలా ఊళ్లలో సర్పంచి ఎవరో తేలిపోయింది. పైపైన చూస్తే ఐదేండ్ల ఊరి పాలన ఒక్క రోజులో తేలిపోయినట్టే కనపడుతుంది.

మేము చెప్పదలచుకున్నది దీనికి భిన్నమైన సంగతి. మన పల్లెలలో ఓటుకు తయారీ అంటే పోల్ చీటీ తెచ్చుకోవడం, గుర్తు యాదిలో పెట్టుకోవడం, చివరి రెండు రోజులు వాడకొచ్చే మందు, మాంసం, నోట్ల లెక్క చూసుకోవడం అనే అర్థం స్థిరపడిపోయింది. అయితే దళిత ఓటరు చేతికి బ్యాలెట్ కాయితం అందేనాటికే దాని మీద నాలుగు నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి. ఎవరి పేరు జాబితాలో ఉండాలి, వాడ ఏ వార్డులో పడాలి, సీటు ఎవరికి రిజర్వు కావాలి, ఆ సీటుకు ఎవరు నిలబడాలి. మొదటి మూడు నిర్ణయాలు ఆఫీసులలో జరుగుతాయి. నాలుగోది ఊరి పెద్దమనుషుల అరుగు మీద జరుగుతుంది. ఈ నాలుగింటిలో వాడ చెయ్యి లేకపోతే, ఓటు వేయడమంటే ఇతరులు వండిన కూరలో ఉప్పు వేసినంత పనే.

అందుకని ఈ వ్యాసంలో మేము ఆ నాలుగు మెట్లను, తర్వాత వచ్చే ఓటును వరుసగా విప్పి చూపే ప్రయత్నం చేస్తున్నాము. ఏ మెట్టు దగ్గర వాడ ఏం చేయగలదు, ఎప్పుడు చేయాలి అన్నదే మా ప్రశ్న.

ఎంచేది ఎవరు?

రిజర్వు సీటు వచ్చినంత మాత్రాన దళిత ప్రతినిధి వచ్చినట్టేనా అనే ప్రశ్న పాతది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ద్వారా అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. గాంధీ నిరాహార దీక్షకు దిగడంతో సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. వాటికి బదులు రాష్ట్రాల శాసనసభలలో 148 రిజర్వు సీట్లు, ఉమ్మడి ఓటు వచ్చాయి. అంబేడ్కర్ మాత్రం ఆ ఒప్పందంలో ఒక మెట్టును నిలబెట్టుకున్నారు. ప్రతి రిజర్వు సీటుకు ముందుగా అణగారిన కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచాలి. ఆ నలుగురిలో ఒకరిని తర్వాత అందరూ కలిసి ఎన్నుకోవాలి.

అంటే, అందరి ఓటూ పడాల్సిందే గాని, ఎవరి పేరు మీద పడాలో ముందుగా తేల్చేది దళితులే. 1937, 1946 ఎన్నికలలో ఈ తొలి ఎంపిక అమలయింది. నిజాం రాజ్యంలో ఉన్న మన పల్లెలకు ఆ ఎన్నికలు రానే లేదు. 1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు రిజర్వు సీట్లు మిగిలాయి, తొలి ఎంపిక మాత్రం మిగలలేదు.

గ్రామం మీద అంబేడ్కర్‌కు భ్రమలు లేవు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, గ్రామాన్ని రాజ్యాంగానికి పునాది చేయాలన్న వాదాన్ని ఆయన కుండబద్దలు కొట్టినట్టు తిరస్కరించారు. సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న చోటుగానే గ్రామాన్ని చూశారు. ఆ మాట జనగామ ప్రాంతానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. విసునూరు దేశముఖ్ గడీ ముందు వెట్టి చేసిన నేల ఇది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైన నేల ఇది. వెట్టికి పోయిన మాదిగ, మాల కుటుంబాలకు మొదటిసారి ఓటు చేతికొచ్చింది 1952లో. దొర ఓటూ జీతగాడి ఓటూ లెక్కలో సమానమైన రోజు అది. ఊరు మాత్రం ఆ లెక్కను ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిద్ధంగా లేదు.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో ఎస్సీ, ఎస్టీలకు జనాభా వంతున సీట్లు తప్పనిసరి చేసింది. దాని వెనకనే 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1995లో ఆ చట్టం కింద ఎన్నికలు వచ్చాయి. అప్పటి నుంచి మన ఊళ్లలో దళిత సర్పంచులు ఉన్నారు. కాని చట్టం వదిలేసిన ఆ తొలి మెట్టును ఊరి పెద్దలు తమ చేతిలోకి తీసుకున్నారు. సీటు ఎస్సీది, ఎంపిక పటేండ్లది. గట్ల వచ్చిన సర్పంచి పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నా, ఎంచిన ఇంటి ముందు నిలబడే ఉంటాడు.

మా వాదం అంతా ఇక్కడే ఉంది. తొలి ఎంపిక చేసుకోమని వాడకు ఏ చట్టమూ చెప్పదు. చేసుకోవద్దని కూడా ఏ చట్టమూ చెప్పదు. అది వాడ చేతిలో ఉన్న పని. దానికి సమయం కావాలి, కాయితాలు కావాలి, ముందుగా జాబితాలో పేర్లు కావాలి.

మొదటి మెట్టు: జాబితా

పంచాయతీకి ప్రత్యేకంగా ఓటర్లను నమోదు చేయరు. శాసనసభ నియోజకవర్గపు ఓటరు జాబితాను తీసుకుని, దానిని ఊరి వారీగా, వార్డు వారీగా విడగొట్టి గ్రామ పంచాయతీ జాబితా తయారుచేస్తారు. కనుక శాసనసభ జాబితాలో లేనివారు పంచాయతీ జాబితాలో ఉండరు. చాలామంది ఈ సంగతి పంచాయతీ ఎన్నిక ప్రకటన వచ్చిన తర్వాత తెలుసుకుంటారు. అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

కొత్త పేరుకు ఫారం 6. పేరు తీసివేయాలన్నా, ఒక పేరు మీద అభ్యంతరం చెప్పాలన్నా ఫారం 7. తప్పులు సరిచేయడానికి, ఇల్లు మారినప్పుడు పేరు మార్చుకోవడానికి ఫారం 8. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 ఏండ్లు నిండితేనే నమోదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల ఒకటో తేదీలు నాలుగింటినీ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఇంటర్ చదివే పిల్లలు ఉన్న ప్రతి ఇంటికి ఈ సంగతి తెలియాలి.

వాడలలో పేర్లు జారిపోయే తావులు కొన్ని ఉన్నాయి. ఒకటి, కొత్త కోడండ్లు. పెండ్లయి వచ్చిన ఆడపిల్ల పేరు తల్లిగారి ఊర్లోనే ఉండిపోతుంది. ఆడవాండ్లకు రిజర్వు అయిన సీటులో నిలబడదామంటే ఇక్కడి జాబితాలో పేరు ఉండదు. రెండు, వలసపోయినవారు. హైదరాబాద్‌లో కట్టడం పనులకు పోయినవారు, భూపాలపల్లి పట్టణంలో బొగ్గుబాయి పనుల చుట్టూ స్థిరపడినవారు అక్కడ నమోదు చేయించుకుంటే ఊర్లో ఓటు ఉండదు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. ఎక్కడ ఉంచుకోవాలో ఇంటిల్లిపాది కూర్చుని తేల్చుకోవాలి. మూడు, ఇంటి నంబర్లు. ఒకే నంబరు కింద నాలుగు కుటుంబాలు ఉండడం, కాలనీ ఇండ్లకు నంబరే పడకపోవడం వాడలకు కొత్త కాదు. నంబరు తప్పితే వార్డు తప్పుతుంది. నాలుగు, చనిపోయినవారి పేర్లు. అవి జాబితాలో ఉన్నంతకాలం దొంగ ఓటుకు తలుపు తెరిచినట్టే.

జాబితా ఎంత ముఖ్యమో బీహార్ చూపించింది. 2025 జూన్‌లో అక్కడ ఎన్నికల సంఘం ప్రత్యేక సవరణ మొదలుపెట్టింది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను, తీసివేసిన కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెప్పవలసి వచ్చింది. కాయితాలు తక్కువ ఉన్నవారే ఇటువంటి సవరణలలో ముందుగా ఇబ్బంది పడతారు. కనుక వాడలో చదువుకున్న ఇద్దరు పిల్లలు ఏడాదికి ఒకసారి జాబితా తెచ్చి, ఇంటింటికి తిరిగి చదివి వినిపిస్తే చాలు. పని రెండు మూడు పూటలదే. ఫలితం ఐదేండ్లు ఉంటుంది.

రెండో మెట్టు: వార్డు గీత

ఊరిని వార్డులుగా విడగొట్టే పని ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది. దాని ప్రభావం మాత్రం చాలా పెద్దది. మాటకు ఒక లెక్క అనుకుందాము. ఒక వాడలో 300 ఓట్లు ఉన్నాయి, వార్డుకు సుమారు 150 ఓట్లు. వాడను చెక్కుచెదరకుండా ఉంచితే రెండు వార్డులలో వాడ మాటే చెల్లుతుంది. అదే వాడను నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను పక్కనున్న ఊరి వీధికి కలిపితే, నాలుగు వార్డులలోనూ వాడ సగమే. జనం మారలేదు, ఓట్లు మారలేదు. మారింది కాయితం మీద గీత ఒక్కటే.

వార్డుల ముసాయిదాను, వార్డుల వారీ ఓటరు జాబితా ముసాయిదాను పంచాయతీ ఆఫీసు దగ్గర అతికిస్తారు. అభ్యంతరాలకు కొద్ది రోజులు గడువు ఇస్తారు. ఆ గడువులో రాతపూర్వకంగా, ఇంటి నంబర్లు చూపిస్తూ అభ్యంతరం ఇవ్వాలి. తీసుకున్నట్టు రసీదు అడగాలి. నోటిమాటగా కార్యదర్శికి చెప్పి వస్తే అది చెప్పినట్టు కాదు. ఒక ఇంటివాళ్ల ఓట్లు రెండు వార్డులలో పడినా ఇప్పుడే సరిచేయించుకోవాలి.

మూడో మెట్టు: రిజర్వేషన్

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం. సర్పంచి పదవులలో ఎస్సీల వంతు ఈ జనాభా లెక్కను బట్టే తేలుతుంది. ప్రతి వర్గంలోనూ సగం పదవులు ఆడవారికి. ఏ ఊరు ఆడవారి కోటాలోకి పోవాలన్నది లాటరీ తీసి తేలుస్తారు.

మా మూడు జిల్లాలలో ఈ లెక్క ఒకే తీరుగా పనిచేయదు. మహబూబాబాద్‌లో మూడో వంతుకు పైగా జనం ఎస్టీలు. కొత్తగూడ, గంగారం వంటి మండలాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ సర్పంచి పదవులన్నీ ఎస్టీలకే. ఆదివాసుల స్వపాలన హక్కు అది, దానితో దళితులకు పేచీ ఉండకూడదు. అక్కడి దళితులకు మిగిలేది సర్పంచి ఎన్నికలో ఓటు, వార్డులలో పోటీ, గ్రామసభలో గొంతు. 2018 చట్టం తర్వాత చాలా తండాలు వేరే పంచాయతీలయ్యాయి. తండా విడిపోయిన తర్వాత మిగిలిన పాత ఊర్లో ఎస్సీల వంతు సహజంగానే పెరుగుతుంది. మైదాన మండలాలలోని వాడలు తమ ఊరి కొత్త లెక్క ఒకసారి వేసి చూసుకోవాలి.

ఎస్సీ వర్గీకరణ సంగతి కూడా ఇక్కడ స్పష్టం చేయాలి. 1994లో మాదిగ దండోరాతో మొదలైన పోరాటం 2025లో తెలంగాణలో చట్టమై, ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలు. ఆ పంపకం చదువులకు, ఉద్యోగాలకు. పంచాయతీ సీటు విషయంలో ఎస్సీ అంటే ఎస్సీ మొత్తం. ఈ తేడా తెలియకపోతే, మాల, మాదిగ వాడల నడుమ అగ్గి రాజేయడానికి ఊరిలోని రెండు ముఠాలకు వీలు దొరుకుతుంది. ఒక ముఠా ఒక వాడ నుంచి, ఇంకో ముఠా ఇంకో వాడ నుంచి ఒక్కొక్కరిని నిలబెడితే, ఎవరు గెలిచినా అరుగు మీదివారే గెలిచినట్టు.

ఇంకొక అపోహ ఉంది. జనరల్ సీటు అంటే అగ్రకులాల సీటు అని ఊళ్లలో అనుకుంటారు, చెప్తారు కూడా. అది శుద్ధ అబద్ధం. జనరల్ సీటులో ఎస్సీ మనిషి నిలబడవచ్చు, ఆడమనిషి నిలబడవచ్చు. ఎస్సీ అభ్యర్థికి డిపాజిట్ రాయితీ జనరల్ సీటులో కూడా వర్తిస్తుంది.

రిజర్వేషన్ చివరి క్షణం దాకా మారుతుందని కూడా గుర్తు పెట్టుకోవాలి. 2025 సెప్టెంబర్ 26న బీసీలకు 42 శాతం ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబర్ 9న హైకోర్టు దానిని నిలిపివేసింది. మొత్తం రిజర్వేషన్ 50 శాతం దాటకుండా మళ్లీ లెక్కగట్టి డిసెంబర్‌లో ఎన్నికలు జరిపారు. రెండు నెలలలో ఎన్నో ఊళ్ల తలరాత మారింది. సీటు ఎస్సీకి వస్తే చూద్దాం అని కూర్చున్న వాడకు ఇటువంటి మార్పులలో ఏమీ మిగలదు.

నాలుగో మెట్టు: అభ్యర్థి

2025లో ఎన్నికల షెడ్యూలు నవంబర్ 25న వచ్చింది. మొదటి విడత నామినేషన్లు నవంబర్ 27 నుంచి 29 వరకు. షెడ్యూలు తెలిసిన రోజు నుంచి నామినేషన్ గడువు ముగిసేదాకా నాలుగైదు రోజులు. ఈ నాలుగైదు రోజులలో కులం సర్టిఫికెట్ తేవాలి, పంచాయతీ పన్ను బకాయి కట్టాలి, ఖర్చుల కోసం బ్యాంకు ఖాతా తెరవాలి, ప్రతిపాదించే ఓటరును చూసుకోవాలి. డబ్బు, పలుకుబడి, ఆఫీసుల పరిచయం ఉన్నవారికి నాలుగు రోజులు చాలు. కూలికి పోయే మనిషికి చాలవు. ఆ మనిషి కాయితాల కోసం పటేలు గడప తొక్కుతాడు. తొక్కిన రోజే ఎంపిక అయిపోయినట్టు.

అందుకని కాయితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. అభ్యర్థికి 21 ఏండ్లు నిండాలి, ఆ పంచాయతీ జాబితాలో పేరు ఉండాలి. 2019లోనూ 2025లోనూ సర్పంచికి డిపాజిట్ జనరల్‌కు 2000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1000. వార్డు సభ్యునికి 500, 250. ఖర్చు పరిమితి ఐదు వేల జనాభా దాటిన ఊర్లో సర్పంచికి 2.5 లక్షలు, అంతకు లోపైతే 1.5 లక్షలు. వెయ్యి రూపాయల డిపాజిట్ కోసం ఎవరి ముందూ చెయ్యి చాపవలసిన పని లేదు. వాడలోని మహిళా సంఘం, యువజన సంఘం, అంబేడ్కర్ సంఘం ఇంటికి ఇరవయ్యో ముప్పయ్యో పోగుచేసినా సరిపోతుంది. ఎవరి డబ్బుతో నామినేషన్ పడిందో వారికే సర్పంచి జవాబు చెప్పుకుంటాడు. అది వాడ డబ్బు అయితే వాడకు జవాబు చెప్తాడు.

ఇక ఏకగ్రీవం. ఒక్క నామినేషనే మిగిలితే పోటీ లేకుండా గెలిచినట్టు ప్రకటించడం చట్టంలో ఉన్నదే. కాని మన ఊళ్లలో ఏకగ్రీవం అనే మాట వెనక రెండు సంగతులు దాగి ఉన్నాయి. ఒకటి వేలం. ఎవరు ఎక్కువ పాడితే వారికి పదవి, ఆ డబ్బు గుడికి లేదా ఊరుమ్మడి పనికి. ఇది చట్టవిరుద్ధం. ఆ డబ్బుతో కట్టిన గుడి గర్భగుడి దాకా వాడ పోగలదా అని అడిగితే వేలం పాట అసలు రంగు బయటపడుతుంది. రెండోది నజరానా. 2019 ఎన్నికలకు ముందు అప్పటి ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు 10 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఊరి బాగు పేరు చెప్పి పోటీ చేసే మనిషిని కూర్చోబెట్టడానికి ఇటువంటి నజరానాలు పనికొస్తాయి. నిలబడ్డ దళితుడు ఊరి అభివృద్ధికి అడ్డం పడ్డవాడవుతాడు.

మేము ఏకగ్రీవానికి గుడ్డిగా వ్యతిరేకం కాదు. వాడ కూర్చుని, ఆడవాండ్లు కూడా ఉన్న కూటంలో, రెండు కులాల వాడల మాట విని ఒక మనిషిని ఒప్పుకుంటే అది నిజమైన ఒప్పుదల. అరుగు మీద తేల్చి, వాడకు కబురు పంపితే అది హుకుం. కనుక వాడ కూటం ఊరి కూటం కంటే ముందు జరగాలి. పూనా ఒప్పందంలో అంబేడ్కర్ కాపాడాలనుకున్న తొలి ఎంపిక ఇదే. జనరల్ సీటులో కూడా ఈ కూటం అవసరమే. అక్కడ వాడ మనిషిని నిలపకపోయినా, అడగవలసిన పనులను వరుసగా రాసి, అభ్యర్థులందరి ముందూ పెట్టవచ్చు. శ్మశానవాటికకు దారి, వాడకు నీటి పైపు, వాడలోనే అంగన్‌వాడీ, ఉపాధి పనిలో మేటు వాడ మనిషి కావడం వంటివి.

ఐదో మెట్టు: రెండు కాయితాలు

పంచాయతీ ఎన్నికలో ఓటరుకు రెండు బ్యాలెట్లు ఇస్తారు. గులాబీ రంగుది సర్పంచికి, తెల్లది వార్డు సభ్యునికి. ఊరంతా గులాబీ కాయితం గురించే మాట్లాడుతుంది. డబ్బు దాని మీదే ఖర్చవుతుంది. తెల్ల కాయితం విలువ చాలామందికి పట్టదు.

ఉపసర్పంచిని ఎన్నుకునేది వార్డు సభ్యులు. ఆ పదవికి రిజర్వేషన్ లేదు. 2018 చట్టం తర్వాత, 2019లో పంచాయతీ చెక్కుల మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి కూడా సంతకం చేయాలనే పద్ధతి తెచ్చారు. దీని అర్థం ఏమిటో రిజర్వు ఊళ్లలో చూడాలి. సర్పంచి కుర్చీ దళిత మహిళది. ఆమె సంతకం ఒక్కటే చెల్లదు. రెండో సంతకం ఎవరిదో తేల్చేది తెల్ల కాయితాలు. వాడ ఓట్లన్నీ గులాబీ కాయితం మీద ధ్యాస పెట్టి, తెల్ల కాయితం వీధి పెద్దలకు వదిలేస్తే, కుర్చీ వాడకు, కలం ఊరికి పోతుంది. మోరీ కట్టిన కూలి బిల్లు కూడా రెండో సంతకం కోసం ఎదురుచూస్తుంది.

కనుక వాడ కూటంలో సర్పంచి పేరు ఒక్కటే తేల్చి లేవకూడదు. ప్రతి వార్డుకూ పేరు తేల్చాలి. బీసీ కులాల వార్డు అభ్యర్థులతో ముందే మాట్లాడుకోవాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ, పద్మశాలి ఇండ్లు ఉన్న వార్డులతో కలిసి నడిస్తేనే పాలకమండలిలో సంఖ్య వస్తుంది. దళిత బహుజన ఐక్యత అనే మాట ఊరి మట్టంలో పరీక్షకు నిలబడేది ఇక్కడే.

బూత్ లోపల

సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఎన్నికల సంఘం ఇచ్చే వేరే గుర్తులు ఉంటాయి, ఉంగరం, కత్తెర వంటివి. బ్యాలెట్ మీద పేరు కాకుండా గుర్తే ఉంటుంది. వార్డు బ్యాలెట్ మీద గుర్తులు వేరు. వయసు మళ్లినవారికి రెండు రంగులు, రెండు గుర్తులు కాయితం మీద గీసి, రెండు మూడు సార్లు చూపించాలి.

ఓటు గుద్దడానికి స్వస్తిక్ గుర్తున్న రబ్బరు ముద్ర ఇస్తారు. దానిని ఒక్క గడిలో, గీత తాకకుండా, ఒక్కసారి గుద్దాలి. రెండు గడుల మీద పడితే ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా చెల్లదు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అప్పుడు తడి సిరా పక్క గుర్తు మీద అంటుకోదు. వార్డుకు వందా నూటయాభై ఓట్లు ఉండే ఊళ్లలో ఒక్క ఓటే గెలుపు తేలుస్తుంది. సమానమైతే చీటీ తీస్తారు. చెల్లని ఓటు ఒక్కటి ఐదేండ్లు బాధిస్తుంది.

చదువు రాదు అనే కారణంతో మరొకరు మీ ఓటు గుద్దరాదు. చూపు లేనివారు, చేతులు ఆడనివారు మాత్రమే తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడు పటేలు మనిషి కాకుండా సొంత ఇంటి మనిషి కావాలి. మీ పేరు మీద ఎవరో వేసి పోయారంటే వెనక్కి తిరిగి రావద్దు. టెండర్డ్ ఓటు అడగండి. అది వేరే కవరులో దాస్తారు. లెక్కలో కలవకపోయినా దొంగ ఓటు పడిందనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

సమయం కూడా కులం చూస్తుంది. డిసెంబర్ అంటే పత్తి ఏరే కాలం. 1 గంటకు పోలింగ్ ముగుస్తుంది గనుక పొద్దున చేనుకు పోయి మధ్యాహ్నం వద్దామనుకుంటే ఓటు పోయినట్టే. 1 గంటలోపు వరుసలో నిలబడ్డవారందరికీ ఓటు వేయనివ్వాలి. ఓటేసి పనికి పోవాలని వాడ ముందే మాట అనుకోవాలి.

ఓటు రహస్యం సంగతి. చిన్న వార్డులో ఎవరి ఓటు ఎటు పోయిందో కనిపెడతామని బెదిరిస్తారు. బ్యాలెట్ మీద ఓటరు పేరు ఉండదు. ముద్ర గుద్దే గుడ్డ చాటున మీరు ఒక్కరే ఉంటారు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. చేతిలో పెట్టిన నోటు గాని, గుడిలో చేయించిన ప్రమాణం గాని ఆ గుడ్డ చాటుకు రాలేవు. అయినా రహస్యాన్ని కాపాడేది మనిషి ఒక్కడి గుండెధైర్యమే కాదు. వాడ ఒక్క మాట మీద ఉంటే, ఎవరు వేశారు ఎవరు వేయలేదు అని ఏరడం ఎవరి వల్లా కాదు.

ఓటు తర్వాత

భయపెట్టేవారికి ఎదురు నిలిచే చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. దళితులను ఓటు వేయకుండా ఆపడం, ఫలానా మనిషికే వేయమని బలవంతపెట్టడం, నామినేషన్ వేయనీయకపోవడం, వేసినదాన్ని వెనక్కి తీయించడం, ప్రతిపాదించే మనిషిని బెదిరించడం సెక్షన్ 3(1)(ఎల్) కింద నేరం. గెలిచిన దళిత సర్పంచిని, వార్డు సభ్యురాలిని పని చేయనీయకపోవడం 3(1)(ఎం) కింద నేరం. ఎన్నిక ముగిసిన తర్వాత కొట్టడం, కూలికి పిలవకపోవడం, సాంఘిక బహిష్కారం 3(1)(ఎన్) కింద నేరం. ఈ మూడు అక్షరాలు ప్రతి వాడలో తెలిసి ఉండాలి. జరిగిన రోజు, సమయం, ఎవరి ముందు జరిగింది అన్నది అప్పుడే రాసి పెట్టుకోవాలి. నెల తర్వాత చెప్పే మాటకు, ఆ రోజు రాసిన కాయితానికి పోలీసు స్టేషన్‌లో బరువు వేరు.

గత అనుభవం ఇంకొక సంగతి చెప్తుంది. 2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో తీరింది. గడువు ముగిసేలోగా ఎన్నిక జరపాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెప్తుంది. జరగలేదు. దాదాపు 22 నెలలు పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అంతకు ముందు 2011లో తీరిన గడువుకు ఎన్నికలు 2013 జూలైలో గాని రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియకుండా, వచ్చాక నాలుగు రోజులే గడువు ఇచ్చే ఎన్నిక ఇది. ఇటువంటి ఎన్నికకు ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండేవారిదే పైచేయి. అరుగు మీద కూర్చునేవారు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

వాడ పెట్టుకోవాల్సిన లెక్క చిన్నదే. ఏడాదికి ఒకసారి జాబితా చదవడం. వార్డుల ముసాయిదా అతికించిన రోజు పోయి చూడడం. నిలబడదగిన నలుగురి కాయితాలు, అందులో కనీసం ఇద్దరు ఆడవారివి, ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం. గ్రామసభకు పోయి, మాట్లాడి, తీర్మానాల పుస్తకంలో తమ మాట ఎక్కిందో లేదో చదివి చూసుకోవడం. ఊరి కూటానికి ముందు వాడ కూటం. గులాబీ కాయితంతో పాటు తెల్ల కాయితం.

ఇవన్నీ చేసినా ఓడిపోవచ్చు. దళితులు చాలా ఊళ్లలో మైనారిటీ, భూమి, అప్పు, కూలి ఇతరుల చేతిలో ఉన్నాయి. ఓటు ఒక్కటే వాటిని మార్చదని మాకు తెలుసు. కాని తానే ఎంచుకున్న మనిషితో ఓడిన వాడకు వచ్చే ఎన్నికకు ఒక మనిషి, ఒక లెక్క, ఒక కూటం మిగులుతాయి. ఇతరులు ఎంచిన మనిషితో గెలిచిన వాడకు ఊర్లో ఒక ఫోటో మిగులుతుంది. వాడ కూటానికి డప్పు కొట్టాల్సింది నోటిఫికేషన్ వచ్చిన నాడు కాదు, ఈ వానాకాలం పనులు తీరిన నాడే.